ఐదో గేరులో మూలుగు: 1966 మస్టాంగ్‌కి ఏ క్రౌన్ పినియన్?

ప్రశ్న: మాది టెక్సస్, ఫ్రిస్కో. నా దగ్గర 1966 మస్టాంగ్ కూపే ఉంది. 289 ఘనపు అంగుళాల వీ8 ఇంజన్, రెండు బ్యారెళ్ళ కార్బ్యురేటర్. పోయిన చలికాలంలో పాత మూడు గేర్ల బాక్సు తీయించేసి, 1991 మస్టాంగ్ నుంచి వచ్చిన ఐదు గేర్ల టీ-5 బాక్సు పెట్టించాను. వెనక యాక్సిల్ మాత్రం పాతదే, 3.00 నిష్పత్తి. టైర్లు 205/70ఆర్14. ఐదో గేరు ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజన్ నెమ్మదిగా తిరిగే గేరు కదా, హైవే మీద హాయిగా ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే 60 మైళ్ళ దగ్గర ఐదో గేరు వేస్తే బండి మూలుగుతోంది. చిన్న ఎత్తు వచ్చినా నాలుగుకి దించాల్సి వస్తోంది. నా స్నేహితుడు 4.11 వేయించమంటున్నాడు. బాక్సు బిగించిన షాపాయన మాత్రం "ఆ 1991 బండికి ఫోర్డ్ వాళ్ళే 2.73 ఇచ్చారు, నీది 3.00, ఇక కదిలించకు" అంటున్నాడు. వారాంతాల్లో గుడికీ, అప్పుడప్పుడూ ఆస్టిన్‌కీ, వసంతంలో బ్లూబానెట్ పూలు చూడ్డానికి హిల్ కంట్రీకీ వెళ్తుంటాను. ఏది వేయించాలి? పెట్రోలు ఏమన్నా కలిసొస్తుందా? నా యాక్సిల్ ఎనిమిది అంగుళాల క్రౌన్ ఉన్నది, తట్టుకుంటుందా?

సమాధానం: 3.55 వేయించండి. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేసి షాపుకి ఫోన్ చేసుకోవచ్చు. కాకపోతే మీ స్నేహితుడు ఒక అంకె చెప్పాడు, షాపాయన ఇంకోటి చెప్పాడు, ఇప్పుడు నేను మూడోది చెప్తున్నాను. ఎవరి మాట వినాలో మీకు మీరే తేల్చుకోవాలంటే లెక్క మీ చేతిలో ఉండాలి. అందుకని ముందు లెక్క.

నా చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీలు నిష్పత్తి అనే మాటే వాడేవాళ్ళు కాదు. "ఏడుకి నలభై ఒకటి" అనేవాళ్ళు. వెనక యాక్సిల్ లోపల ఇంజన్ వైపున్న చిన్న పళ్ళచక్రం పినియన్, అది తిప్పే పెద్ద పళ్ళచక్రం క్రౌన్. పినియన్‌కి ఏడు పళ్ళు, క్రౌన్‌కి నలభై ఒకటి. భాగిస్తే 5.86. ఘాట్ రోడ్డు మీద బరువు లాగే లారీకి "ఆరుకి నలభై ఒకటి", అంటే 6.83. అంకె పెద్దదైతే లాగుడు, చిన్నదైతే పరుగు. సైకిల్ తొక్కినవాళ్ళకి ఇది కొత్తేం కాదు: వెనక ఫ్రీవీల్ పెద్దదైతే ఎత్తు ఎక్కడం తేలిక, కాళ్ళు మాత్రం గబగబా ఆడాలి. మీ మస్టాంగ్‌లో కాళ్ళ పని ఇంజన్ చేస్తోంది, అంతే తేడా.

ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో, అంటే ఆర్‌పీఎం, ఇలా కట్టాలి. గంటకు మైళ్ళని యాక్సిల్ నిష్పత్తితో, గేరు నిష్పత్తితో, 336తో గుణించి, వచ్చినదాన్ని టైరు ఎత్తుతో, అంగుళాల్లో, భాగించాలి. మీ టైరు ఎత్తు 25.3 అంగుళాలు. 205 మిల్లీమీటర్లలో 70 శాతం పక్కగోడ, పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో 14 అంగుళాల రిమ్ము. బండి బరువు పడ్డాక టైరు కాస్త నలుగుతుంది కాబట్టి నిజానికి రెండు మూడు శాతం ఎక్కువే తిరుగుతుంది. పోల్చుకోవడానికి మాత్రం ఈ లెక్క చాలు.

మీ టీ-5లో నాలుగో గేరు 1.00, ఐదోది 0.68, అంటే బాక్సు వెనక షాఫ్టు ఒక చుట్టు తిరిగితే ఇంజన్ 0.68 చుట్టే తిరుగుతుంది. ఇప్పుడున్న 3.00 యాక్సిల్‌తో 60 మైళ్ళ దగ్గర ఐదో గేరులో ఇంజన్ 1,630 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతోంది. 70 దగ్గర 1,900. ఇప్పుడు మీ ఇంజన్ సంగతి చూడండి. రెండు బ్యారెళ్ళ 289కి ఫోర్డ్ చెప్పిన టార్క్, అంటే తిప్పే బలం, 282 పౌండ్-అడుగులు, అదీ 2,400 ఆర్‌పీఎం దగ్గర. 1,630 దగ్గర అది ఇంకా నిద్ర కళ్ళు నులుముకుంటోంది. మీకు వినిపిస్తున్న మూలుగు అదే. బాక్సులో తప్పు లేదు, బిగించినాయనలోనూ తప్పు లేదు. ఓవర్‌డ్రైవ్ ఉన్న బాక్సు, లేని రోజుల యాక్సిల్ రెండూ ఒక బండిలో కలిశాయి. బాక్సు మార్చిన రోజునే యాక్సిల్ గురించి కూడా తేల్చుకుని ఉండాల్సింది. ఈ రెండూ ఒకటే నిర్ణయం, రెండు బిల్లులుగా వస్తుంది కాబట్టి మనం రెండనుకుంటాం.

షాపాయన మాటలో అబద్ధం లేదు. 1991 మస్టాంగ్ 5.0కి ఐదు గేర్ల బాక్సుతో 2.73 మామూలుగా వచ్చేది, కావాలంటే 3.08 ఇచ్చేవాళ్ళు. కానీ ఆ ఇంజన్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, కంప్యూటర్ ఉంది, 300 పౌండ్-అడుగుల టార్క్ ఉంది. అది నెట్ లెక్క, అంటే బండిలో ఉన్నట్టే అన్నీ బిగించి కొలిచింది. మీ 282 గ్రాస్ లెక్క, అంటే ఇంజన్‌ని స్టాండు మీద పెట్టి, ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు లాంటివి లేకుండా కొలిచింది. 1972 దాకా అమెరికాలో అందరూ అలాగే చెప్పుకునేవాళ్ళు. బండిలో బిగించాక మీ అంకె బాగా కిందికి దిగుతుంది. పైగా కంపెనీకి ప్రభుత్వం పెట్టిన సగటు మైలేజీ లెక్క ఒకటి ఉంది, ఆ లెక్కలో కంపెనీకి 2.73 పనికొచ్చింది. కొన్నవాళ్ళకి అంతగా పనికిరాలేదు. ఆ బండ్లున్నవాళ్ళు మొదట చేయించుకునే మార్పుల్లో ఒకటి 2.73 తీసేసి 3.55 గానీ 3.73 గానీ వేయించడమే. కాబట్టి షాపాయన సాక్ష్యం మన పక్షానికే వస్తుంది.

ఇక మీ స్నేహితుడి 4.11. ఓవర్‌డ్రైవ్ ఉంది కదా, వెనక ఎంత పెద్ద అంకె వేసినా ఐదో గేరు సర్దేస్తుందనేది ఆయన వాదన. హైవే వరకు చూస్తే నిజమే: 70 దగ్గర ఐదో గేరులో 2,600 వస్తుంది, భరించొచ్చు. ఆయన మర్చిపోయింది మొదటి గేరు. మీ బాక్సులో ఒకటో గేరు 3.35. దాన్ని 4.11తో గుణిస్తే 13.8. ఆ రోజుల్లో 289తో వచ్చిన నాలుగు గేర్ల బాక్సులో ఒకటో గేరు 2.78, దాన్ని మీ 3.00తో గుణిస్తే 8.3 మాత్రమే. 13.8 అంటే లారీ గేరు. 4,000 ఆర్‌పీఎం దాకా లాగినా బండి 22 మైళ్ళు దాటదు. గుడి ముందు పార్కింగ్ లైన్లో క్లచ్చు వదిలిన మరుక్షణం రెండో గేరు వెతుక్కోవాలి. 3.55తో అదే లెక్క 11.9 అవుతుంది, ఒకటో గేరులో 25 మైళ్ళ దాకా పోవచ్చు. చురుగ్గా లేస్తుంది, చిరాకు పెట్టదు.

నేనీ తప్పు చేసి చూశాను కాబట్టి ఇంత ధీమాగా చెప్తున్నాను. నా పాత బండికి సరిగ్గా ఇలాంటి బాక్సే పెట్టించి, ఉత్సాహం కొద్దీ 4.11 వేయించాను. మొదటి వారం సిగ్నళ్ళ దగ్గర సరదాగానే ఉంది. రెండో వారం నుంచి ఒకటో గేరు వాడటం మానేసి రెండులోనే లేపడం మొదలుపెట్టాను. ఐదు గేర్ల బాక్సు కొని నాలుగు గేర్లు వాడుకున్నట్టయింది. అది చాలదన్నట్టు 75 దాటితే సీటు కింద సన్నటి వణుకు. టైర్లు బ్యాలెన్స్ చేయించాను, రెండుసార్లు. పోలేదు. అసలు సంగతి తెలిసేసరికి మూడు నెలలు పట్టింది.

ఆ సంగతి చాలామందికి తట్టదు. ఓవర్‌డ్రైవ్‌లో ఇంజన్ నెమ్మదిస్తుంది గానీ ప్రొపెల్లర్ షాఫ్టు నెమ్మదించదు. అది బాక్సుకి వెనక ఉంటుంది కదా, దాని వేగం తేల్చేది యాక్సిల్ ఒక్కటే. 70 దగ్గర 3.55తో షాఫ్టు 3,300 ఆర్‌పీఎం తిరుగుతుంది, ఇంజన్ 2,245 దగ్గర కూనిరాగం తీస్తున్నా సరే. అదే 4.11తో 3,820. మీ ఆస్టిన్ దాటాక సెగీన్ వైపు వెళ్ళే స్టేట్ హైవే 130 మీద 85 మైళ్ళ దాకా పోనిస్తారు. అక్కడ 4.11 షాఫ్టు 4,640 దాకా పోతుంది. 1966లో ఆ షాఫ్టుని బ్యాలెన్స్ చేసినవాళ్ళు గంటల తరబడి ఈ వేగం ఊహించలేదు. షాఫ్టు చివర్లలో మడిచే జాయింట్ల క్రాసుల్లో కొంచెం అరుగుదల ఉన్నా, పినియన్ కోణం ఒక డిగ్రీ అటూఇటూ అయినా వణుకు అక్కడే బయటపడుతుంది. ఇంజన్ గోల తగ్గిందని మనం మురిసిపోతుంటాం, షాఫ్టు మాత్రం తన పాట్లు తాను పడుతుంటుంది. మీరు 3.55 వేయించేటప్పుడే షాఫ్టు దించి కొత్త క్రాసులు వేయించి, బ్యాలెన్స్ చేయించండి. ఎలాగూ దించాల్సిందే.

ఇంతకీ 3.55 ఎందుకు, 3.25 ఎందుకు కాదు? రోజూ వంద మైళ్ళు సాఫీ హైవే మీదే తిరిగేవారైతే నేను 3.25కే ఓటేసేవాణ్ణి: 70 దగ్గర 2,050 వస్తుంది, తీసిపారేసేదేం కాదు. మీది అలాంటి వాడకం కాదు. గుడి దాకా ఊళ్ళో ఆగి ఆగి వెళ్ళడం, ఏడాదికోసారి హిల్ కంట్రీ ఎత్తుపల్లాలు. 3.55తో 60 దగ్గర 1,920, 70 దగ్గర 2,245, 75 దగ్గర సరిగ్గా 2,400. అంటే మీరు ఎక్కువగా నడిపే వేగంలో ఇంజన్ తన బలమైన చోటుకి వచ్చి కూర్చుంటుంది. ఎత్తు వచ్చినప్పుడు గేరు దించకుండా కాలు కాస్త అదిమితే చాలు. 3.80 కూడా ఎనిమిది అంగుళాల యాక్సిల్‌కి దొరుకుతుంది. అయితే దానికి సరిజోడు ఒకటో గేరు 2.95, ఐదోది 0.63 ఉండే టీ-5. ఆ బాక్సులు విడిగా అమ్ముతారు. మీ 3.35 బాక్సుకి 3.55 దగ్గర ఆగండి.

పెట్రోలు కలిసొస్తుందా అన్నారు. ఇంజన్ తక్కువ తిరిగితే తక్కువ తాగుతుందనే నమ్మకం మనందరిలోనూ ఉంది. సగమే నిజం. మీ కార్బ్యురేటర్, ఆటోలైట్ 2100 అనుకుంటున్నాను, 289కి రెండు బ్యారెళ్ళది అదే వచ్చేది, దాని అడుగున పవర్ వాల్వ్ అని ఒక చిన్న డయాఫ్రమ్ వాల్వ్ ఉంటుంది. ఇంటేక్ మానిఫోల్డులో వ్యాక్యూమ్ బాగా ఉన్నంతసేపు అది మూసుకుని ఉంటుంది. ఇంజన్ తిరగలేక మూలుగుతుంటే మీరు యాక్సిలరేటర్ ఇంకా అదుముతారు. బటర్‌ఫ్లై తెరుచుకుంటుంది, వ్యాక్యూమ్ పడిపోతుంది, వాల్వ్ తెరుచుకుని అదనంగా పెట్రోలు పోస్తుంది. 1,630 దగ్గర ఎత్తు ఎక్కుతూ మీరు ఆదా చేస్తున్నాననుకున్న పెట్రోలు అటునుంచి అటే పోతోంది. ఇంజన్లో టకటకమని నాకింగ్ కూడా వస్తుంటే పిస్టన్లకీ బేరింగులకీ ముప్పే, అలాంటప్పుడు మొహమాటపడకుండా గేరు దించేయండి.

నా మాట నమ్మక్కర్లేదు, కొలిచి చూసుకోండి. ఒక వ్యాక్యూమ్ గేజీ కొని, పొడుగాటి రబ్బరు గొట్టంతో మానిఫోల్డుకి తగిలించి, గేజీ పక్క సీట్లో కూర్చున్నవాళ్ళ చేతికివ్వండి. చదునైన రోడ్డు మీద 65 దగ్గర ముందు నాలుగో గేరు, తర్వాత ఐదో గేరు వేసి అంకెలు రాసుకోమనండి. ఆ తర్వాత ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కుతూ మళ్ళీ చూడండి. ఐదో గేరులో చిన్న ఎత్తుకే ముల్లు గేజీ మీది పది అంగుళాల గుర్తు కంటే కిందికి జారిపోతుంటే ఆ గేరు మీ ఇంజన్‌కి బరువెక్కువ అయినట్టే. 3.55 వేయించాక అదే రోడ్డు మీద మళ్ళీ చూస్తే తేడా కళ్ళకి కనిపిస్తుంది. మైలేజీ మాత్రం ఏదో రెట్టింపు అవుతుందని ఆశపెట్టుకోకండి. ఇప్పటికంటే పెద్దగా తగ్గదు, నాలుగో గేరులో నడుపుతున్నదానికంటే మెరుగవుతుంది.

ఇది చదివే బ్రిటన్ మిత్రులు కొందరు తమ బండ్లకి కూడా ఇదే సూత్రం వర్తిస్తుందా అని అడగబోతున్నారని తెలుసు. లెక్క ఒకటే, జవాబు వేరు. అక్కడి లేకాక్ కంపెనీ ఓవర్‌డ్రైవ్‌లు ఇంజన్ వేగాన్ని ఇంత లోతుగా దింపవు, చాలావాటిది 0.80కీ 0.82కీ మధ్య. ఇంజన్ ఐదో వంతు నెమ్మదిస్తుంది, మన టీ-5లోలాగా మూడో వంతు కాదు. అయినా ఆ రోజుల్లో కంపెనీలే ఈ జత చూసుకున్నాయి. ట్రయంఫ్ టీఆర్4కి మామూలుగా 3.7 యాక్సిల్, ఓవర్‌డ్రైవ్ కోరుకున్నవాళ్ళకి 4.1 కూడా ఇచ్చేవాళ్ళు. ఆస్టిన్-హీలీ 3000కి ఓవర్‌డ్రైవ్ లేకపోతే 3.545, ఉంటే 3.909. ఎంజీబీకి మాత్రం ఉన్నా లేకున్నా 3.909. ఓవర్‌డ్రైవ్ ఉన్న ఎంజీబీకి వీ8 మోడల్ నుంచి 3.07 తెచ్చి వేద్దామని ముచ్చటపడేవాళ్ళుంటారు. 70 దగ్గర ఇంజన్ 3,100 నుంచి 2,450కి దిగుతుంది, వినడానికి బాగుంటుంది. 1.8 లీటర్ల ఇంజన్ మొదటి కొండకే చేతులెత్తేస్తుంది. ఆ 3.07ని లాగడానికి రోవర్ వాళ్ళ 3.5 లీటర్ల వీ8 ఉండేది. మీరు యాక్సిల్ జోలికి పోకండి.

మళ్ళీ మస్టాంగ్‌కి వద్దాం. డబ్బు తీసే ముందు మీ యాక్సిల్ నిజంగా 3.00 అవునా అని చూసుకోండి. డ్రైవర్ తలుపు మీద రేకులో యాక్సిల్ కోడ్ 1 ఉంటే 3.00, 6 ఉంటే 2.80. ఆ రేకు చెప్పేది 1966 సంగతి. అరవై ఏళ్ళలో ఎవరు ఏం మార్చారో దానికేం తెలుసు? బండి వెనక భాగం జాకీ స్టాండ్ల మీద నిలబెట్టి, ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డాలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ఒక వెనక చక్రాన్ని కదలకుండా ఎవరినైనా పట్టుకోమని, రెండో చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్టు మీద సుద్దముక్కతో గీత పెట్టి అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. మూడు చుట్లయితే 3.00. మూడుకి కొంచెం తగ్గితే 2.80. ఒక చక్రం తిప్పితే రెండోది కూడా అదే వైపు తిరుగుతుంటే మీది లిమిటెడ్ స్లిప్, అంటే ఒక చక్రమే ఊరికే జారిపోకుండా రెండిటినీ కలిపి తిప్పే డిఫరెన్షియల్. అప్పుడు రెండూ కలిపి ఒక్క చుట్టు తిప్పి లెక్కపెట్టండి.

ఎనిమిది అంగుళాలదా, తొమ్మిదా అనేది కూడా కింద దూరి ఒక సాకెట్టుతో తేల్చేయొచ్చు. డిఫరెన్షియల్ ముందు మొహం చుట్టూ పది నట్లుంటాయి. అన్నిటికీ సాకెట్టు నేరుగా ఎక్కితే ఎనిమిది. అడుగున ఉన్న రెండిటికీ సాకెట్టు ఎక్కక స్పానరే పెట్టాల్సి వస్తే తొమ్మిది. 271 హార్స్‌పవర్ 289కి తొమ్మిది వచ్చేది, మీలాంటి రెండు బ్యారెళ్ళ బండికి ఎనిమిది. తట్టుకుంటుందా అంటే మీ ఇంజన్‌కీ, మీ 205 టైర్లకీ నిక్షేపంగా తట్టుకుంటుంది. టైరు పట్టు తప్పి జారిపోతుంది గానీ యాక్సిల్ విరగదు. వెడల్పాటి రేసు టైర్లు వేసి క్లచ్చు ఒక్కసారిగా వదిలే అలవాటు ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

ఈ యాక్సిల్‌తో ఒక గొప్ప సుఖం ఉంది. క్రౌన్, పినియన్, డిఫరెన్షియల్ అంతా ఒకే గుండుగా ముందు నుంచి ఊడి వస్తుంది. యాక్సిల్ షాఫ్టులు రెండూ కొంచెం బయటికి లాగి, ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి, ఆ పది నట్లు తీస్తే చేతుల్లోకి వస్తుంది. బరువు మోసే మనిషి ఇంకొకరుండాలి, కింద వెడల్పాటి ట్రే ఉండాలి, వాసన కొట్టే ఆ నల్ల నూనె అంతా ఒక్కసారే జారుతుంది. కాబట్టి మీ గుండుని అలాగే ఉంచి, 3.55తో సిద్ధంగా సెట్ చేసిన ఇంకో గుండు కొనుక్కోండి. మీ గుండులోనే పళ్ళు మార్పిద్దామంటే సెట్ చేసే చేయి మంచిదై ఉండాలి. పినియన్ లోతు, బేరింగ్ బిగువు, పళ్ళ మధ్య సందు, ఈ మూడూ కుదరాలి. సందు అంగుళంలో వెయ్యో వంతుల్లో, సుమారు ఎనిమిది నుంచి పన్నెండు వరకు చూస్తారు. నా 4.11 సెట్ చేసినాయన పళ్ళకి రంగు పూసి, అవి ఎక్కడ ఆనుతున్నాయో అచ్చు చూడకుండానే మూసేశాడు. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక సీట్లో ఎవరో శంఖం ఊదుతున్నట్టుండేది. మీ షాపులో ఆ రంగు అచ్చు ఫోటో తీసి ఇమ్మని అడగండి. ఇవ్వడానికి నసిగితే వేరే షాపు చూసుకోండి.

కొత్త పళ్ళకి మొదటి రోజు పదిహేను ఇరవై మైళ్ళు మెల్లగా నడిపి, పూర్తిగా చల్లారనివ్వండి. అలా రెండు మూడు సార్లు చేశాకే హైవే ఎక్కండి. 500 మైళ్ళకి నూనె మార్పించండి. జీఎల్-5 80డబ్ల్యూ-90 సరిపోతుంది, లిమిటెడ్ స్లిప్ అయితే దాని మాడిఫయర్ కూడా కలపాలి.

ఆఖరుగా స్పీడోమీటరు. యాక్సిల్ మారితే అది తప్పు చెప్తుంది. టీ-5 పక్కనుంచి కేబుల్ వచ్చే చోట ఒక చిన్న ప్లాస్టిక్ పళ్ళచక్రం ఉంటుంది. లోపలి చక్రానికి 7 పళ్ళుంటే, ఇప్పటి 3.00కి మీ టైర్లతో బయటి చక్రానికి 17 పళ్ళు సరిపోతాయి. 3.55కి 20 కావాలి. మార్చకపోతే మీరు నిజంగా 60లో వెళ్తుంటే ముల్లు 70 దాటి చూపిస్తుంది. వెనకవాళ్ళు హారన్ కొడుతుంటే ఎందుకా అని ఆశ్చర్యపోతారు. లోపల 7 ఉందా 8 ఉందా అని ముందు విప్పి చూసుకుని, అప్పుడు చక్రం ఆర్డరు పెట్టండి. తీసిన 3.00 గుండుని మాత్రం అమ్మకండి. నూనె రాసి, సంచిలో చుట్టి గ్యారేజీలో ఒక మూల పెట్టండి. రేపు బండి కొనేవాళ్ళు మొదట అడిగేది అదే.